మాట్లాడని వాళ్ళ వారం

ఆరాధన అయిపోయి చర్చి మెట్లు దిగుతుండగా మహిమ ఫోను మోగింది. తెలియని నెంబరు. ఆమె చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. ఆశా కార్యకర్తకు తెలియని నెంబరు నుంచి మంచి కబురు రాదు. ఏ ఇంట్లోనో నొప్పులు మొదలై ఉంటాయి, లేదంటే పై నుంచి ఎవరో ఏ రిపోర్టో రాలేదని అడుగుతుంటారు.

"ఏమ్మా, మహిమేనా? నేను ఉమామహేశ్‌ను. కర్నూలు. 'సీమ పిట్టలు' గ్రూపు."

వెనకే వస్తున్న అత్త జీవమ్మ "ఎవరే?" అంది. మహిమ చెయ్యి ఊపి గోడ నీడకు జరిగింది. ఉమామహేశ్ రిటైరైన పోస్ట్‌మాస్టర్. రోజూ పొద్దున ఆరింటికి ఒక పిట్ట ఫోటో, దాని తెలుగు పేరు, అదెట్లా కూస్తుందో రెండు ముక్కలు గ్రూపులో పెడతాడు. నాలుగు వందల పన్నెండు మంది ఉన్న గ్రూపు. పద్నాలుగు నెలలుగా మహిమ అవన్నీ చదవడమే తప్ప ఒక్క అక్షరం రాయలేదు.

"తప్పేమన్నా చేసినానా సార్?"

ఆయన నవ్వాడు. "తప్పేముంది తల్లీ. ఈ వారం మన గ్రూపులో మాట్లాడని వాళ్ళ వారం అని పెట్టినాం, చూసింటావు. ఇన్నాళ్ళూ నోరిప్పనోళ్ళంతా తలా ఒక ఫోటో పెట్టాల. అందరికీ నేనే ఫోన్ చేస్తాండా. గ్రూపులో మాట్లాడేది ఆ ఇరవై మందే. వాళ్ళు చూసినవే పిట్టలా? మీ ఊళ్ళ పిట్టలు యాడికి పోవాల?"

"నాకు సరిగా రాయను రాదు సార్."

"రాయొద్దులే. ఫోటో పెట్టు చాలు. ఎవరన్నా ఏమన్నా అంటే నేనుండా."

గ్రూపులో ఏదన్నా పెట్టడమంటే ఆమెకు తెలిసింది 'ఆశా రిపోర్ట్స్' ఒక్కటే. అందులో ముప్పై ఎనిమిది మంది ఆశాలు, పైన సూపర్‌వైజర్ శివకుమారి మేడం. రిపోర్టులో పేరు తప్పు పడినా, ఫోటోలో బిడ్డ మొహం కనబడకపోయినా మేడం వాయిస్ మెసేజీ పెడుతుంది. "మహిమా, కండ్లు యాడ పెట్టుకోని పని చేస్తాండావు?" అని ఆ గొంతు ముప్పై ఎనిమిది ఇండ్లలో ఒకేసారి వినబడుతుంది. అందుకే ఏ గ్రూపులోనైనా పంపే ముందు మహిమ బొటనవేలు ఒకసారి చీర కొంగుకు తుడుచుకుంటుంది.

సాయంత్రం చింతపండు పిసుకుతూ పిసుకుతూ లేచి, చేతులు కడుక్కుని, పెరట్లో రాయి మీద కూర్చుంది. ఫోనులో పిట్టలు రెండొందలకు పైగా ఉన్నాయి. ఇంటింటికీ తిరిగేటప్పుడు దారిలో తీసినవి. అన్నీ దూరం, అన్నీ మసక. స్పష్టంగా ఉన్నది ఒక్కటే. ఊరి బయట పాడుబడ్డ నాపరాళ్ళ గని. నిలువుగా కోసిన గోడకు నడుమ ఒక అరుగు. దాని మీద కొమ్ముల్లాంటి చెవి ఈకలతో పెద్ద గూబ, కాళ్ళ దగ్గర దూది ఉండల్లా రెండు పిల్లలు.

ఆ చోటు చూపించినవాడు గొర్రెల నరసన్న. నెలకోసారి బీపీ చూసి మాత్రలిస్తుందని ఆమె మీద ఆయనకు అభిమానం. చూపించిన రోజే చెప్పాడు: "ఎవురికీ చెప్పొద్దమ్మీ. గూబంటే కొంతమంది రాళ్ళేస్తారు. కొంతమంది పట్టుకపోతారు. దాని బతుకు దాన్ని బతకనియ్యి."

పిట్టలంటే ప్రాణమిచ్చేవాళ్ళ గ్రూపు కదా అనుకుంది మహిమ. వాళ్ళకు చెబితే ఎవరికో చెప్పినట్టు కాదు. ఫోటో కింద "గూబ, రెండు పిల్లలు, కోడుమూరు దగ్గర పాత గని" అని రాసింది. వేలు తుడుచుకుంది. పంపింది.

తర్వాత ఫోనును బోర్లా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చారు కాగేదాకా దాని దగ్గరికి రాలేదు. వచ్చి చూస్తే నూట ముప్పై గుండె గుర్తులు. "అద్భుతం." "ఇన్నాళ్ళు యాడుంటివి తల్లీ?" ఉమామహేశ్ సారు పెద్ద అక్షరాల్లో రాశాడు: "చూశారా, మౌనంగా ఉన్నవాళ్ళ దగ్గరే నిధులుంటాయి." మహిమ మూడుసార్లు చదివింది. అన్నం తింటూ ఊరికే నవ్వుతుంటే జీవమ్మ ఆమె వంక అనుమానంగా చూసింది.

సోమవారం మధ్యాహ్నం ఆమె ఒక్కదానికే మెసేజీ వచ్చింది. ఓబులేష్. గ్రూపులో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు. కర్నూలులో స్టూడియో ఉంది. చెయ్యంత పొడుగు లెన్సుతో ఆయన తీసే ఫోటోలకు అందరూ దండాలు పెడతారు. "చెల్లీ, గని ఏ దావలో ఉంది? ఎవ్వరికీ చెప్పను." మహిమ జవాబు రాయలేదు. గంట తర్వాత మళ్ళీ, "పర్లేదులే చెల్లీ, కోడుమూరు చుట్టూ పాత గనులు మూడే. నేనే కనుక్కుంటా," అని నవ్వు బొమ్మ.

మంగళవారం తెల్లవారగానే ఆమె ఆశా చీర కట్టుకుని, కార్డు మెడలో వేసుకుని కొట్టాలకు బయల్దేరింది. అక్కడ ఈరక్కకు ఏడో నెల. పొద్దున ఏడు గంటలు దాటితే కూలికి పోతుంది, ఇక దొరకదు. గని మలుపు దగ్గర తెల్ల కారు ఆగి ఉంది.

ఆమె కాళ్ళు దారి విడిచి అటు నడిచాయి. గని అంచుకు చేరేసరికి కిందనుంచి మగవాళ్ళ మాటలు. తల్లి గూబ అవతలి గోడ మీద ఉంది. నాలుగు కాకులు దాన్ని పొడుస్తూ తరుముతున్నాయి. అరుగు ఖాళీగా ఉంది. పిల్లలు రెండూ కింద, ఎండ పడుతున్న పెద్ద బండ మీద ఉన్నాయి. రెక్కలు విప్పి, ఒళ్ళంతా ఉబ్బించి, ముక్కులు టపటపలాడిస్తున్నాయి. బండ పక్కన కొనకు గుడ్డ చుట్టిన పొడుగాటి కట్టె పడి ఉంది. ఒకడు మోకాళ్ళ మీద వంగి అట్టతో నీడ సరిచేస్తున్నాడు. ఇంకొకడు పిల్లలు తలెత్తడానికి చిటికెలు వేస్తున్నాడు. నడుమ ఓబులేష్, కెమెరా వెనక ఒక కన్ను మూసి.

"నువ్వేనా మహిమ?" అన్నాడు ఆయన, ఆమెను చూసి సంతోషంగా. "భలే చోటు చెల్లీ. నీ పేరు తప్పకుండా వేస్తా."

"సార్, అవి..."

"ఐదు నిమిషాలు. ఈడ వెలుతురు బాగుండాది. మళ్ళా యాడున్నవి ఆడ పెట్టేస్తాం." ఆమె మెడలోని కార్డు చూశాడు. "ఆశానా నువ్వు? మంచిది."

వద్దు అనే మాట ఆమె నాలుక మీదకు వచ్చింది. దాటి బయటికి రాలేదు. ముగ్గురు మగవాళ్ళు, ఊరికి దూరం, పైగా ఆయన తిట్టనైనా తిట్టలేదు, చెల్లీ అంటున్నాడు. తిట్టి ఉంటే ఏదన్నా అనేదేమో. ఒక పిల్ల ముక్కు తెరిచి అలాగే ఉంచింది. మూయడం లేదు. మహిమ దాన్నే చూస్తూ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది. తర్వాత ఈరక్క కూలికి పోతుందని తనకు తాను చెప్పుకుని వెనక్కి తిరిగింది. పిల్లల్ని తిరిగి అరుగు మీద పెట్టారో లేదో చూడలేదు.

కొట్టాల్లో ఈరక్క చేతికి బీపీ పట్టీ చుట్టింది. గాలి కొట్టి కొట్టి మీటరు చూడటం మరిచిపోయింది. "ఏమైంది మహిమక్కా, నా చెయ్యి బిగిసిపోతాంది," అంది ఈరక్క. "ఏంల్యా," అని మళ్ళీ మొదలుపెట్టింది.

బుధవారం టీకాల రోజు. అంగన్‌వాడీ గదిలో మహిమ పేర్లు పిలుస్తుంటే, నర్సమ్మ సూదులు వేస్తోంది. మధ్యలో ఒకసారి ఫోను తెరిస్తే గ్రూపు నిండా ఆ ఫోటోనే. బండ మీద రెండు పిల్లలు, ఒక్కొక్క ఈక లెక్కపెట్టొచ్చు, కళ్ళు నిప్పుకణికలు. కింద "చోటు చూపించిన చెల్లి మహిమకు కృతజ్ఞతలు" అని ఉంది. ఉమామహేశ్ సారు దండం బొమ్మలు ఐదు పెట్టాడు.

తలెత్తితే వాకిట్లో నరసన్న. గొర్రెల్ని వదిలి ఈ వేళప్పుడు ఊళ్ళోకి రాడు ఆయన. లోపలికి రమ్మన్నా రాలేదు. చంకలో ముడిచిన తువ్వాలు ఉంది. మహిమ బయటికి వచ్చాక కొన విప్పాడు. తెల్లటి నూగు. వేలాడుతున్న తల. కాళ్ళు మాత్రం పెద్దవాళ్ళ వేళ్ళంత లావు.

"బండ కింద పడి ఉండె," అన్నాడు. "ఇంగోటి ఎట్లనో పొదల్లో దూరింటే ఎత్తి పైన పెట్టినా. తల్లి వచ్చిందో రాల్యాదో తెల్దు." గని వైపు తల తిప్పి, "కారొచ్చిందంట నిన్న," అన్నాడు.

"నేనే మామా," అంది మహిమ. "నేనే ఫోటో పెట్టినా."

ఆయన ఆమె మొహం చూడలేదు. తువ్వాలు కొన మళ్ళీ ముడిచాడు, బిడ్డకు కప్పినట్టు. "సరేలే. లోపల పిల్లోళ్ళు ఏడుస్తాండారు, పో." వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తిట్టలేదు. ఆ సంగతే ఆమెను రోజంతా పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం టీకాల డబ్బా తిరిగి పంపాక, ఖాళీ అంగన్‌వాడీలో ఒక మూల పిల్లల చాప మీద కూర్చుంది. రాయడం ఆమెకు చేతకాలేదు. ప్రతి వాక్యం ఫిర్యాదులా ఉంది, లేదంటే దరఖాస్తులా. చివరికి మైకు గుర్తును నొక్కి పట్టుకుంది.

"నమస్తే. నా పేరు మహిమ. గూబ ఫోటో పెట్టింది నేనే. ఓబులేష్ సారు ఫోటోలో పిల్లలు ఎండలో బండ మీద ఉండాయి. అవి వాటంతటవి రాల్యాదు. కట్టెతో తోసి ఆడ పెట్టినారు. నేను ఆడనే ఉండా. వద్దని చెప్పల్యా. భయమై చెప్పల్యా. అందులో ఒక పిల్ల చచ్చిపాయె. నేను చోటు చెప్పకుంటే బాగుండు. అంతే సార్."

వేలు తీసింది. వాయిస్ వెళ్ళిపోయింది. ఒకరు విన్నారు, పది మంది విన్నారు, అరవై, నూరు. కింద ఒక్క మాట రాలేదు. అప్పటిదాకా కోయిల గురించి మాట్లాడుకుంటున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. గోడ మీద అంకెల పటం చూస్తూ ఆమె సాయంత్రం దాకా కూర్చుంది.

గురువారం పొద్దున ఉమామహేశ్ ఫోన్ చేశాడు. గొంతు మారింది, పోస్టాఫీసు గొంతు వచ్చింది.

"నువ్వు చెప్పింది అబద్ధమనడంల్యా తల్లీ. కానీ అట్ల అందరి ముందరా... ఓబులేష్ ఎన్నేండ్ల నుంచి ఉండాడు గ్రూపులో, వాని వల్లే గదా ఇంతమంది చేరింది. నాకు విడిగా చెప్పింటే నేను మాట్లాడేవాణ్ణి. ఆ వాయిస్ తీసెయ్యమ్మా."

"మీరే మాట్లాడమంటిరి గదా సార్."

అవతల కుక్కరు కూత వేసింది.

"మాట్లాడమంటే ఇట్ల కాదు తల్లీ," అన్నాడు చివరికి. ఆ మాట ఆయనకే నచ్చనట్టు, చెప్పీ చెప్పగానే ఫోను పెట్టేశాడు.

ఆమె తీసెయ్యలేదు. అది ధైర్యం కాదు. ఆ వాయిస్ మీద వేలు పెట్టాలంటేనే భయం వేసింది. పది గంటలకు ఓబులేష్ రాశాడు: "ప్రకృతిలో పిల్లలు చావడం సహజం. నేను వచ్చేటప్పుడు రెండూ బాగానే ఉన్నాయి. అయినా ఆశా చీర కట్టుకుని, డ్యూటీ వదిలి, పిట్టల వెంట తిరిగేవాళ్ళ మీద పైవాళ్ళు దృష్టి పెట్టాలి." దాని కింద, ఎప్పుడూ మాట్లాడే ఆ ఇరవై మందిలో ఆరుగురు బొటనవేలు గుర్తు పెట్టారు.

అరగంట గడిచిందో లేదో 'ఆశా రిపోర్ట్స్' మోగింది. మేడం ఎప్పుడూ వాయిసే పెట్టేది. ఈసారి రాసింది: "మహిమ, రేపు పది గంటలకు పీహెచ్‌సీకి రా. ఒక్కదానివే."

జీవమ్మ చదివించుకుని విని, చేటలోని కందిపప్పు వదిలేసింది. "గూబ కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా? కాళ్ళు పట్టుకో పో. తప్పయిందని రాసియ్యి."

మహిమ ఒక తెల్ల కాగితం తీసింది. "గౌరవనీయులైన మేడం గారికి" అని రాసి, ఏ తప్పు రాయాలో తెలియక, మడిచి సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం ఆటోలో కోడుమూరు దాకా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. పీహెచ్‌సీ వసారాలో గర్భిణులు బల్లల మీద, నేల మీద కూర్చుని ఉన్నారు. శివకుమారి గది తలుపు తెరిచే ఉంది. టీకాల ఫ్రిజ్ గుంయ్‌మంటోంది. మేడానికి యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు ముక్కు కొసకు జారి ఉంది.

"తలుపు దగ్గరికెయ్యి."

మహిమ వేసింది. మేడం తన ఫోను బల్ల మీద పెట్టి ఏదో నొక్కింది. "నమస్తే. నా పేరు మహిమ," అని గదిలో తన గొంతే వినబడింది. సన్నగా, ఎవరో పరాయిదానిలా. "భయమై చెప్పల్యా" అన్న దగ్గర మహిమ తల వంచుకుంది. చివరిదాకా విని మేడం ఆపింది.

"డ్యూటీ టైములో కాదు మేడం," అంది మహిమ గబగబా. "ఏడు కూడా కాల్యాదు. ఈరక్క దగ్గరికి పోతా పోతా చూసినా. ఆమె బీపీ రాసినా, కావాలంటే..."

"నేనడిగినానా?"

మహిమ ఆగిపోయింది. సంచిలోని కాగితం మీద చెయ్యి వేసి, "ఇది మీకెవరు పంపినారు మేడం?" అంది.

"ఎవురూ పంపల్యా. నేనుండా దాంట్లో. రెండేండ్లాయె." శివకుమారి ఫోనును ఆమె వైపు తిప్పింది. 'సీమ పిట్టలు'. పేరు లేదు, మొహం బదులు మందార పువ్వు. ఇలాంటి పువ్వులు, కొండలు, దేవుళ్ళు ఆ గ్రూపులో మూడు వందల దాకా ఉంటాయి. మహిమ ఏనాడూ పట్టించుకోలేదు.

"ఉమామహేశ్ సారు నాకూ చేసినాడు మొన్న ఆదివారం. ఎత్తల్యా." ఆమె ఫోనులో వెనక్కి వెనక్కి జరిపి ఒక ఫోటో దగ్గర ఆగింది. బట్టలారేసే తీగ మీద నల్ల పిట్ట, చీలిన తోక. "ఇదేం పిట్ట? మా మిద్దె మీద రోజూ కూర్చుంటాది."

"పసులపోలిగాడు మేడం. బర్రెల మీద గూడా వాలుతుంటాది."

"అంత మామూలుదా?" మేడం కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. "అడగకపోయిందే మేలు. నవ్వేటోళ్ళు."

"ఎవురూ నవ్వరు మేడం."

"నవ్వుతారు. మీ రిపోర్టులు చూసి నేను నవ్వనా?"

బయట ఒక బిడ్డ ఏడుస్తోంది. మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఇంగో పిల్ల సంగతేంది?" అంది.

"పొద్దున చూసొచ్చినా. అరుగు మీదే ఉండాది. దాని ముందర సగం తిన్న ఎలుక ఉండె. తల్లి వచ్చినట్టే."

శివకుమారి తల ఊపింది. కాసేపు బల్ల మీద ఉన్న కాగితాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. "పైవాళ్ళు దృష్టి పెట్టాలని రాసినాడు గదా. ఆ పైవాళ్ళంటే ఎవరు? నేనే గదా. నిన్నటి నుంచి దాన్నే చూస్తాండా." ఫోను తీసి ముందుకు తోసింది. రాసి పంపకుండా ఉంచిన నాలుగు వాక్యాలు.

"నేను మహిమ సూపర్‌వైజర్‌ను. దృష్టి పెట్టాను. ఆమె పనిలో తప్పు లేదు. పిల్లలను గూటి నుంచి ఎందుకు తీశారో మీరు చెప్పండి."

మహిమ రెండుసార్లు చదివింది. మేడం చెయ్యి బల్ల అంచును పట్టుకుని ఉంది. ముప్పై ఎనిమిది మందిని వణికించే మనిషి.

"పొద్దున ఐదింటికి రాసినా," అంది శివకుమారి. "వేలు పోవడంల్యా. నువ్వు నొక్కు."

"నేనా మేడం?"

"నువ్వు ఒకసారి చేసినావు గదా."

మహిమ ఫోను చేతిలోకి తీసుకుంది. ఓబులేష్‌కు పేపరు వాళ్ళు తెలుసు, అధికారులు తెలుసు. రేపు ఈమె మీద గూడా ఎవరో ఫిర్యాదు రాస్తారు. అప్పుడు ఈమె తనను తిట్టుకుంటుందేమో. తాను నొక్కితే ఆ మాట తనదే అవుతుంది. ఉమామహేశ్ సారు అన్న "నేనుండా" గుర్తొచ్చింది. ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు. ఫోనును మేడం అరచేతిలో పెట్టి, కుర్చీ చుట్టూ తిరిగి వెళ్ళి పక్కన నిలబడింది.

"మీరే నొక్కాల మేడం. నేను ఈడనే నిలబడుకుంటా."

శివకుమారి ఆమె వైపు కోపంగా చూసింది, రిపోర్టు తప్పు పోయినప్పటి చూపు. తర్వాత ఊపిరి బిగబట్టి నొక్కింది.

మెసేజీ పక్కన ఒక గీత పడింది. ఒకరు చదివారు, ఐదుగురు చదివారు. ఇద్దరూ వంగి చూస్తున్నారు. విన్నవాళ్ళ మౌనం ఎట్లా ఉంటుందో మహిమకు ఇప్పుడు తెలుసు. దాన్ని ఇంకొకరి పక్కన నిలబడి భరించడం మాత్రం కొత్త.

బయటినుంచి ఎవరో తలుపు తట్టారు. "మేడం, శానా సేపాయె. నాకు కండ్లు తిరుగుతాండాయి."

శివకుమారి లేచింది. ఫోనును మహిమ చేతిలో పెట్టింది. "నీ దగ్గరే పెట్టుకో. ఏమన్నా జవాబొస్తే నాకు చెప్పొద్దు."

తలుపు గడియ మీద చెయ్యి వేసి, అక్కడే ఆగింది.

"కాదులే," అంది వెనక్కి తిరగకుండా. "చెప్పు."